నాన్న పోయారు, ఇంట్లో ఆయన తుపాకీ ఉంది. ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

నాగావళి గట్టు, రాయగడ

అందరికీ నమస్కారం. నాన్న పోయి నలభై రోజులు దాటింది. మాది గుణుపురం దగ్గర పల్లె. నేను రాయగడలో ఉద్యోగం, తమ్ముడు ఊళ్లోనే పత్తి, మొక్కజొన్న వేస్తాడు. నాన్న పేరు మీద ఒంటి గొట్టం పన్నెండు బోరు తుపాకీ ఒకటుంది. లైసెన్స్ ఎనభైల్లో తీసుకున్నారు, ప్రతిసారీ గడువుకు ముందే రెన్యువల్ చేయించేవారు. 2024 ఎన్నికలప్పుడు కూడా ఠాణాలో అప్పజెప్పి, అయ్యాక మళ్లీ తెచ్చుకున్నారు.

పడకగదిలో దూలానికి తగిలించి ఉంటుంది. దసరాకి దించి, నూనె గుడ్డతో తుడిచి, కుంకుమ పెట్టేవారు. చెక్క మీద గీతల్లో ఆ కుంకుమ ఇప్పటికీ ఎర్రగానే ఉంది. అమ్మ "ఆయన వస్తువు, ఇంట్లోంచి కదపొద్దు" అంటోంది. తమ్ముడు "నా పేరు మీదికి మార్పించు, పందులతో చస్తున్నాను" అంటున్నాడు. నా మనసు ఎటూ తేలడం లేదు. లైసెన్స్ మార్పించుకోవడం కష్టమా? అసలు ఈ రోజుల్లో ఇంట్లో తుపాకీ ఉండటం మంచిదేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి లాయరు

తమ్ముడూ, మంచీ చెడూ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఒక పని చెయ్యండి. లైసెన్స్ మీ నాన్నగారిది. ఆయన లేరు కాబట్టి ఆ తుపాకీని ఇంట్లో ఉంచుకునే హక్కు ప్రస్తుతం ఎవరికీ లేదు, అమ్మగారికి కూడా. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి ఠాణాలో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. తూటాలు కూడా. నలభై రోజులంటే ఇప్పటికే ఆలస్యమైంది. డెత్ సర్టిఫికెట్ కాపీ, లైసెన్స్ పుస్తకం పట్టుకెళ్లండి. రసీదు మీద తుపాకీ నంబరు, తూటాల లెక్క రాయించుకోండి.

డిపాజిట్ చేస్తే పోయినట్టు కాదు. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకు లైసెన్స్ ఇచ్చే వీలుంది. తమ్ముడి వయసు 21 దాటి ఉండాలి, డాక్టరు సర్టిఫికెట్, భద్రతా శిక్షణ, పోలీసు ఎంక్వైరీ, మిగతా వారసుల అంగీకారం కావాలి. ఇచ్చేది కలెక్టరు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది, ఒక మనిషికి గరిష్ఠంగా మూడు తుపాకులు ఉండేది రెండుకు తగ్గింది. ఇక ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి. నన్నడిగితే వద్దనే చెప్తాను.

జయపురం రైతు

లాయరు మేడమ్ వద్దని తేలిగ్గా అనేశారు. టౌన్‌లో ఉన్నవాళ్లకి ఇది చర్చ. మాకు పంట. పోయిన కార్తీకంలో ఎకరంన్నర వరి ఒక్క రాత్రిలో పోయింది. పందులు తిన్నది కొంచెమే, దొర్లి తొక్కింది ఎక్కువ. పొద్దున్నే వెళ్లి చూస్తే పొలం చాప పరిచినట్టుంది.

మాలాంటివాడికి దారి ఏది? చట్టబద్ధంగా తుపాకీ దొరకదు. అందుకని కొందరు కరెంటు తీగ లాగుతున్నారు. రాత్రి బయటికెళ్లిన మనిషి దానికి తగిలి పోతున్నాడు, ఏనుగు తగిలి పోతోంది. కొందరు పిండిలో నాటు బాంబు పెడుతున్నారు, అది ఆవు కొరికి మూతి పగిలిపోతోంది. అడవి ఊళ్లలో మందు కూరే నాటు తుపాకులు ఎన్నున్నాయో అందరికీ తెలుసు, ఏ కాగితంలోనూ ఉండవు. అంటే లైసెన్స్ కష్టం చేస్తే ఆయుధం ఆగదు, కాగితం లేని ఆయుధం పెరుగుతుంది. కర్ణాటకలోని కొడగులో చూడండి. అక్కడ కొడవ జాతివాళ్లకి, తరతరాల జమ్మా హక్కు భూమి ఉన్నవాళ్లకి లైసెన్స్ అవసరమే లేదు. ఇంటింటా తుపాకీ, పండగకి పూజ. అక్కడేమైనా రోజూ కాల్చుకుంటున్నారా?

పర్లాకిమిడి లాయరు

అన్నా, మీ బాధ నిజం, కాదనను. రెండు మాటలు మాత్రం తెలుసుకోండి. చట్టంలో పంట కాపలాకి మందు కూరే తుపాకీ లైసెన్స్ ఉంది, 13వ సెక్షన్. దొరకదని అనకండి, అడగండి. అయితే ఆ లైసెన్స్ పందిని చంపడానికి అనుమతి కాదు. 1972 వన్యప్రాణి చట్టం వేరే ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా కాలిస్తే తుపాకీ సక్రమమైనా మీరు కేసులో ఇరుక్కుంటారు. కేరళలో 2022లో ఆ అనుమతిచ్చే అధికారం పంచాయతీ అధ్యక్షులకి ఇచ్చారు. లైసెన్స్ ఉన్నవాడే కాలుస్తాడు, లెక్క రాస్తారు. మనం పోరాడాల్సింది అలాంటి దానికోసం. ఇంటికో తుపాకీ కోసం కాదు.

బరంపురం బంగారం కొట్టు

రైతన్న చెప్పింది నేను వంద శాతం ఒప్పుకుంటాను. నాది పందుల గొడవ కాదు, మనుషుల గొడవ. రెండేళ్ల కింద కొట్టు మూసి బ్యాగుతో వస్తుంటే బైక్ మీద ఇద్దరు అడ్డం పడ్డారు. ఒకడి చేతిలో కట్టా, అదే నాటు పిస్టల్. గొట్టం తుప్పు పట్టి ఉంది, దానికి చుట్టిన ఇన్సులేషన్ టేపు ఊడి వేలాడుతోంది. ఇప్పటికీ ఆ టేపు ముక్క నా కళ్ల ముందు ఉంటుంది. బ్యాగు ఇచ్చేశాను. తర్వాత పిస్టల్ లైసెన్స్‌కి పెట్టుకున్నాను, ఇప్పటివరకు రాలేదు.

దొంగకి లైసెన్స్ అక్కర్లేదు. ఠాణాలకి తిరిగేది, ఫొటోలిచ్చేది, ఎన్నికలొస్తే అప్పజెప్పేది మాలాంటివాళ్లమే. మన దేశంలో తుపాకీ హత్యల్లో ఎక్కువ భాగం లైసెన్స్ లేని ఆయుధాలతో జరిగేవే. మరి కంట్రోల్ ఎవరి మీద? అమెరికాలో తొంభైల మొదటి నుంచి తుపాకులు పెరుగుతూనే వచ్చాయి, నేరాలేమో సగానికి సగం తగ్గాయని చదివాను. దీనికేమంటారు?

డాలస్‌లో గుణుపురం అబ్బాయి

అమెరికా మాట వచ్చింది కాబట్టి నేను రాయాలి. పదకొండేళ్లుగా ఇక్కడున్నాను. అన్నయ్యా, మీరు చదివింది నిజమే. తొంభైల మొదటి నుంచి చాలా ఏళ్లు నేరాలు బాగా తగ్గాయి, తుపాకులు పెరిగాయి. కానీ తుపాకులు పెరిగినందుకే నేరాలు తగ్గాయని అది రుజువు చేయదు. 2020లో తుపాకుల అమ్మకాలు రికార్డు స్థాయికి వెళ్లాయి, అదే ఏడాది హత్యలు దాదాపు 30 శాతం పెరిగాయి. ఆ ఒక్క ఏడాది చూసి తుపాకులే కారణమని నేనూ అనను. కోవిడ్ ఉంది, ఇంకా చాలా ఉన్నాయి.

కొన్ని లెక్కలు మాత్రం చెప్తాను. 2021లో ఇక్కడ తుపాకీతో చనిపోయినవాళ్లు 48,830 మంది. అందులో హత్యలు 20,958. మరి సగానికి పైగా ఏమిటి? 26,328 ఆత్మహత్యలు. ఈ సంగతి మన ఊళ్లో చెప్తే ఎవరూ నమ్మరు. తుపాకీ అనగానే దొంగ, పోలీసు, సినిమా గుర్తొస్తాయి. ఇక్కడ అది ఎక్కువగా ఇంట్లోవాళ్లనే తీసుకెళ్తోంది. పోల్చడానికి ఇంకో లెక్క. మన దేశంలో 2022లో కత్తి, కర్ర, తుపాకీ అన్నీ కలిపి హత్యలు 28,522. మనం 140 కోట్లు, వీళ్లు 33 కోట్లు.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 దాటినవాళ్లు చాలామంది పర్మిట్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. నేనూ ఒకటి కొన్నాను. పక్క వీధిలో దొంగతనం జరిగింది, మా ఆవిడ భయపడింది, వెళ్లి కొన్నాను. చేపల గేలాలు, టెంట్లు అమ్మే షాపు, ఆ పక్క కౌంటరులోనే తుపాకులు. నా వివరాలు కంప్యూటర్‌లో చూశారు, కాసేపటికి చేతికిచ్చేశారు. మా మినప్పప్పు కొనేంత సులువుగా అయిపోయింది.

మా పాప కిండర్‌గార్టెన్‌లో చేరిన నెలకి ఇంటికొచ్చి "నాన్నా, ఈరోజు అల్మరాలో దాక్కునే ఆట ఆడాం. నేను అస్సలు చప్పుడు చేయలేదు, టీచర్ గుడ్ అంది" అని చెప్పింది. అది ఆట కాదు, ఎవడైనా తుపాకీతో వస్తే ఏం చేయాలో నేర్పించే డ్రిల్. 2012లో శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలు, 2022లో మా రాష్ట్రంలోనే ఉవాల్డేలో 19 మంది పిల్లలు. 2023 మేలో మాకు దగ్గర్లోని ఆలెన్ మాల్‌లో 8 మంది పోయారు, వాళ్లలో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ మాల్‌లో మేం పిల్లకి బూట్లు కొన్నాం. ఆ వారమే నా పిస్టల్ అమ్మేశాను. పక్కింటివాళ్లకి ఉంది. మంచివాళ్లే. వాళ్ల ఇంటికి మా పాపని ఆడుకోవడానికి పంపేముందు "తుపాకీ తాళం వేసి ఉందా" అని అడుగుతాను. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు అలా అడుగుతారు.

బరంపురం బంగారం కొట్టు

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. పాప మాట చదివితే నాకూ గుండె కలుక్కుమంది. కానీ నేను అడిగేది అమెరికాలా ఇవ్వమని కాదు. ప్రాణానికి ముప్పు ఉన్నవాడికి, విచారించే, శిక్షణ ఇచ్చే ఇవ్వమంటున్నాను. అడ్డం పడ్డ ఆ రోజు నా దగ్గర ఉండుంటే బ్యాగు పోయేది కాదు.

సిరొంచ ప్రాణహిత

సేటు అన్నా, మీ దగ్గర ఉండుంటే బ్యాగు దక్కేదో, మీరే పోయేవారో చెప్పలేం. వాడి చెయ్యి ముందే పైకి లేచి ఉంది, మీది బ్యాగు జిప్ దగ్గర. మీరు ఇంటికొచ్చారు, మీ పిల్లలు మిమ్మల్ని చూశారు. నాకు అదే లెక్క.

నేను గడ్చిరోలి జిల్లావాణ్ణి. మా ఊరి నుంచి నదులు దాటితే ఒక పక్క తెలంగాణ, ఒక పక్క ఛత్తీస్‌గఢ్. తుపాకీ ఉంటే రక్షణ అన్న మాట మేం చిన్నప్పటి నుంచి విన్నాం, దాని ఫలితమూ చూశాం. లైసెన్స్ తుపాకీ ఉన్న ఇల్లు అందరికీ తెలుస్తుంది. రాత్రి తలుపు తట్టేది ఆ ఇంటికే. అడవిలోంచి వచ్చినవాళ్లు "తుపాకీ ఇయ్యి" అంటారు. ఇస్తే తెల్లారి పోలీసులు "వాళ్లకెందుకిచ్చినవ్" అంటారు. ఇయ్యకపోతే రాత్రే ఖతం. మా పెదనాన్న అందుకే తన తుపాకీని తీసుకెళ్లి ఠాణాలో పెట్టి, మళ్లీ అడగనే లేదు. ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాడని మా పెద్దమ్మ చెప్పేది.

2005లో ఇంద్రావతి అవతల మావోయిస్టులకి ఎదురుగా, సర్కారు అండతో సల్వాజుడుం మొదలైంది. ఊరివాళ్లకి, పద్దెనిమిది నిండీ నిండని పోరగాళ్లకి తుపాకులిచ్చి మీ ఊరిని మీరే కాపాడుకోండన్నారు. ఏమైంది? ఒకే ఊళ్లో ఈ పక్కవాళ్లు, ఆ పక్కవాళ్లు అయ్యారు. ఇళ్లు తగలబడ్డాయి, జనం గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ అడవులకి పారిపోయి వచ్చారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధం, ఆయుధాలు వెనక్కి తీసుకోండి అంది. ఆ ఆరేళ్లలో పోయిన మనుషుల్ని ఎవరు తెస్తారు?

గుణుపురం మాస్టారు

చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను. మన దేశంలో ఈ వాదన కొత్తది కాదు. 1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో తెల్లవాళ్లు ఆయుధాల చట్టం తెచ్చారు. భారతీయుడికి లైసెన్స్ కావాలి, యూరోపియన్‌కి అక్కర్లేదు. అది అవమానమని మనవాళ్లందరూ మండిపడ్డారు. అందుకే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ప్రతి పౌరుడికీ ఆయుధం ధరించే హక్కు ఉండాలని రాసుకున్నారు. తీరా 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ గారు దాన్ని ప్రాథమిక హక్కు చేయమంటే అంబేద్కర్ గారు ఒప్పుకోలేదు. విభజన నెత్తురు అప్పటికింకా ఆరలేదు. అమెరికావాళ్లు ఆయుధాల హక్కు గురించి 1791లో రాజ్యాంగంలో రాసుకున్న రెండో సవరణని 2008లో వాళ్ల సుప్రీంకోర్టు వ్యక్తిగత హక్కుగా తేల్చింది. మనకది హక్కు కాదు, ప్రభుత్వం చూసి ఇచ్చే అనుమతి. ఈ తేడా గుర్తు పెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

ఇంకొకటి. తుపాకీ పుట్టినచోటే ఉండదు, చేతులు మారుతుంది. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్‌లో ఏం జరిగింది? సాక్షాత్తూ జిల్లా పోలీసు ఆయుధాగారాన్నే మావోయిస్టులు దోచుకున్నారు, వందల తుపాకులు పోయాయి. 2008లో నయాగఢ్‌లో మళ్లీ అదే. ఇనుప తలుపులు, సెంట్రీలు ఉన్నచోటే ఆగనిది మన దూలం మీద ఆగుతుందా నాయనా?

జయపురం రైతు

మాస్టారూ, మీరు పెద్దవారు. అయినా కొడగు గురించి ఎవరూ జవాబివ్వలేదు.

గుణుపురం మాస్టారు

ఇస్తాను. కొడగు ఉదాహరణ బలమైనదే, తప్పించుకోను. ఆ మినహాయింపుని 2029 దాకా పొడిగించారు, కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. అక్కడ తుపాకీ తరాల నుంచి కులపెద్దల కళ్ల ముందు ఉంది, దుర్వినియోగం చేస్తే పరువు పోతుంది. అంటే తుపాకీని అదుపులో పెడుతున్నది చట్టం కన్నా ఎక్కువగా చుట్టూ ఉన్న మనుషులు. మన ఊళ్లో ఆ అదుపు ఉందా? గట్టు తగాదా వస్తే పదిమంది వెళ్లి ఆపే రోజులు ఉన్నాయా? ఉన్నాయని మీరంటే నేను ఒప్పుకుంటాను.

కోరాపుట్ నర్సు

ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రిలో పని. నాటు తుపాకీ పేలి వచ్చినవాళ్లకి కట్లు కట్టాను. శత్రువు కాల్చింది ఒకటో రెండో. ఎక్కువ శాతం వేటకెళ్లి పంది అనుకుని తోటివాణ్ణి కాల్చినవి, మందు కూరుతుంటే చేతిలో పేలినవి. ఒకాయన మూడు వేళ్లు పోయాయి. డ్రెస్సింగ్ చేస్తుంటే లేని వేళ్లు దురద పెడుతున్నాయమ్మా అనేవాడు.

డాలస్ బాబు చెప్పిన ఆత్మహత్యల సంగతి చాలా ముఖ్యం. ఇక్కడ మా దగ్గరికి వచ్చేది పురుగుల మందు. బతికి బయటపడ్డవాళ్లని అడిగితే చాలామంది "ఆ పూట ఏదో కోపం సిస్టర్, సీసా ఎదురుగా కనిపించింది" అంటారు. ఆ పూట దాటితే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో బాగా విషపూరితమైన మందుల్ని ఒక్కొక్కటే నిషేధిస్తే ఆత్మహత్యలు ఎంతో తగ్గాయి. మనుషుల కష్టాలు తగ్గలేదు, చేతికి అందేది తగ్గింది. మందు తాగినవాడిని మేం కొందరినైనా కాపాడగలం. తుపాకీ అయితే మా దాకా రానే రారు.

నాగావళి తమ్ముడూ, నేరుగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. మీ ఇంట్లో ఆ తుపాకీని నలభై ఏళ్లలో ఎన్నిసార్లు దించారు? ఎందుకు దించారు? ఇప్పుడు ఇంట్లో ఎవరైనా బాగా దిగులుగా ఉన్నారా?

నాగావళి గట్టు, రాయగడ

సిస్టర్ గారూ, మీ ప్రశ్న చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. పూజకి, ఎన్నికలప్పుడు అప్పజెప్పడానికి కాకుండా మూడుసార్లు దించారు. ఒకసారి ఎలుగు పెరట్లోకి వస్తే గాల్లోకి పేల్చారు. ఒకసారి ఊరి దొంగల భయానికి, ఎవరూ రాలేదు.

మూడోది నాకు పదేళ్లప్పుడు. మా చిన్నాన్నతో గట్టు తగాదా. మాట మాట పెరిగింది. నాన్న లోపలికెళ్లి తుపాకీ తెచ్చి సొంత తమ్ముడి మీద పెట్టారు. చిన్నాన్న చేతిలో పార ఉంది, అది కింద పడేశాడు. అమ్మ పరిగెత్తుకెళ్లి గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని తన కడుపుకి ఆనించుకుంది. నేను అరుగు మీద ఉన్నాను. ఆ చప్పుడు లేని నిమిషం నాకు ఇప్పటికీ తెలుసు. అందులో తూటా లేదని నాన్న తర్వాత చెప్పారు. అమ్మ ఆ మాట ఎప్పుడూ నమ్మలేదు. ఆ తర్వాత అన్నదమ్ములు పదిహేనేళ్లు మాట్లాడుకోలేదు. జానెడు గట్టు కోసం.

మా నాన్న చెడ్డవారు కాదు. ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా తన సైకిల్ మీద తీసుకెళ్లే మనిషి. అలాంటాయనే.

దిగులు గురించి అడిగారు. తమ్ముడికి పత్తి అప్పుంది. రాత్రుళ్లు నిద్ర పోవడం లేదని మరదలు మా ఆవిడతో చెప్పిందట. ఆ గదిలోనే పడుకుంటున్నాడు.

పర్లాకిమిడి లాయరు

ఈరోజే వెళ్లండి. రేపటి దాకా ఆగొద్దు.

కోరాపుట్ నర్సు

అవును, ఈరోజే. తమ్ముడి దగ్గర ఒక రాత్రి పడుకో. అప్పు సంగతి నేరుగా అడుగు, చనిపోవాలనిపిస్తోందా అని కూడా అడుగు. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడకు, అడిగితే గుండె బరువు దిగుతుంది. 14416 టెలీమానస్, ఫ్రీ నంబరు, ఎప్పుడైనా మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లు. ఇంట్లో పురుగుల మందు డబ్బాలు ఉంటే అవి కూడా తీసేయ్.

నాగావళి గట్టు, రాయగడ

నిన్న సాయంత్రం ఇచ్చేశాం. తూటాలు ఏడు. ఎందుకింత ఆలస్యమని అడిగారు, ఉన్నమాట చెప్పాం, రాసిచ్చాం. రసీదు మీద నంబరు రాయించుకున్నాను. తమ్ముడు కూడా వచ్చాడు. దారిలో బైక్ ఆపి చాలాసేపు ఏడ్చాడు. అప్పు నాకు చెప్పినదానికి రెండింతలుంది. సోమవారం ఆసుపత్రికి వెళ్తున్నాం, మరదలు కూడా వస్తానంది. మందు డబ్బాలు చిన్నాన్న వాళ్ల కొట్టుగదిలో పెట్టి తాళం వేయించాను, తాళంచెవి చిన్నాన్న దగ్గరే ఉంది.

అమ్మ ఏమీ అనలేదు. తుపాకీ దించుతుంటే కొంగుతో ఒకసారి తుడిచి ఇచ్చింది.

జయపురం అన్నా, పందుల సంగతి అలాగే ఉంది. నష్టపరిహారానికి అటవీశాఖకి కాగితం పెడతాం. మా ఊరివాళ్లం కలిసి సోలార్ కంచె వేయించాలనుకుంటున్నాం. మీ పక్క ఎవరైనా వేశారా? ఎకరానికి ఎంతవుతుంది?

జయపురం రైతు

మా పక్క ఊళ్లో వేశారు తమ్ముడూ. రేపు వెళ్లి కనుక్కుని రాస్తాను. బ్యాటరీ మంచిది తీసుకోకపోతే రెండో వానకే పోతుందని మాత్రం విన్నాను. పంట కాపలా లైసెన్స్‌కి నేను అర్జీ పెడుతున్నాను, ఆ విషయంలో నా మాట మార్చుకోను. తమ్ముణ్ణి జాగ్రత్తగా చూసుకో.

డాలస్‌లో గుణుపురం అబ్బాయి

అన్నయ్యా, కంచె ఖర్చులో కొంత నేను పంపుతాను. మీ ఊరు, మా ఊరు ఎంత దూరమని. ఎకరం లెక్క తెలిశాక చెప్పండి.